కంపెనీకి మొదటిది, మనకూ మొదటిది

 



కెమెరా కోసం మనందరం జమ చేసిన పైసలు 96,500 రూపాయల దగ్గర ఆగినయి. ఇందులో స్కాలర్‌షిప్పు మిగిల్చి ఇచ్చినవాళ్లు ఉన్నారు. ఎండాకాలం తునికాకు తెంపి ఇచ్చినవాళ్లు ఉన్నారు. కొత్తగా ఉద్యోగం వచ్చిన ఒక అక్క మొదటి జీతంలోంచి పంపింది కూడా ఉంది. పుష్య అమావాస్యకు ముందే కొనాలని అనుకున్నాం. చూసినవి రెండు, రెండూ సెకండ్ హ్యాండే. ఒకటి నికాన్ జెడ్6, ఇంకోటి సోనీ ఏ7 మార్క్ 3. మా మీడియా టీమ్ ఏడుగురిలో నలుగురు ఒక దిక్కు, ముగ్గురు ఇంకో దిక్కు. పైసలు అందరివి కాబట్టి మేము లెక్క ఎట్లా వేశామో అందరికీ తెలియాలి. అందుకే ఈ పొడుగు పోస్టు. ఓపికగా చదవండి, చివర్లో మీ మాట చెప్పండి.

గ్రూపులో ఎక్కువమంది అడిగింది ఇదీ: "జెడ్6 నికాన్ వాళ్ల మొదటి తరం కదా. సోనీ అప్పటికే మూడో తరంలో ఉంది. మొదటిది ఎప్పుడూ ప్రయోగమే. మన పైసలతో వాళ్ల ప్రయోగం ఎందుకు దాదా?"

సరైన ప్రశ్నే. దీనికి జవాబు రెండు కెమెరాల పట్టీ పక్కపక్కన పెట్టి చూస్తే దొరకదు. కొంచెం వెనక్కి పోవాలి.

ముందు చిన్న సంగతి. ఫోన్ చాలదా అని కూడా కొందరు అడిగారు. పగటిపూట చాలు. మీటింగులకు, ర్యాలీలకు, బడి ఫంక్షన్లకు ఫోనే వాడదాం, కెమెరా మోసుకుపోవాల్సిన పని లేదు. కానీ మనకు ముఖ్యమైనవన్నీ రాత్రిపూటే జరుగుతాయి. దండారి ఆట రాత్రి. నాగోబా మహాపూజ అమావాస్య రాత్రి. ప్రధాన్ తాత కిక్రి పట్టుకుని కథ మొదలుపెట్టేది అందరూ తిన్న తర్వాత. చీకట్లో ఫోన్ ఒక ఫోటో కోసం చాలా ఫ్రేములు తీసి కలుపుతుంది. కూర్చున్న మనిషికి అది బాగానే ఉంటుంది. ఎగిరి ఆడే గుస్సాడీకి మాత్రం ఈకలు, చేతులు కలిసిపోయి మసక అవుతుంది. పైగా ముఖాలను నున్నగా చేసేస్తుంది. మన తాతల ముఖాల మీది ముడతలు తుడిచేసే యంత్రం మనకు వద్దు.

చీకట్లో పని చేయాలంటే వెలుగు పట్టే సెన్సర్ పెద్దగా ఉండాలి. ఫుల్ ఫ్రేమ్ సెన్సర్ 36 మిల్లీమీటర్ల వెడల్పు, 24 మిల్లీమీటర్ల ఎత్తు. చవక కెమెరాల్లో ఉండే చిన్న సెన్సర్ వైశాల్యం దీనిలో సగం కూడా ఉండదు. అందుకే కొత్త చిన్న కెమెరా కంటే పాత పెద్ద సెన్సర్ కెమెరా మేలు అనుకున్నాం. ఈ ఒక్క విషయంలో ఏడుగురం ఒక్కటే మాట.

ఇప్పుడు మిర్రర్‌లెస్ అంటే ఏమిటో చూద్దాం. పాత డీఎస్‌ఎల్‌ఆర్‌లో లోపల ఒక అద్దం ఉంటుంది. లెన్సు నుంచి వచ్చిన వెలుగును ఆ అద్దం పైకి మళ్లిస్తే మనం కంటితో చూస్తాం. బటన్ నొక్కగానే అద్దం లేచి వెలుగు సెన్సర్ మీద పడుతుంది. ఠక్‌మనే చప్పుడులో ఎక్కువ భాగం ఆ అద్దానిదే. మిర్రర్‌లెస్‌లో అద్దమే లేదు. సెన్సర్ చూసేదాన్నే చిన్న తెర మీద మనకు చూపిస్తుంది. అంటే నొక్కకముందే ఫోటో ఎట్లా వస్తుందో కనిపిస్తుంది.

ఇది మనకు ఎందుకు ముఖ్యం? గుస్సాడీని ఒకసారి తలుచుకోండి. ఒంటికి తెల్లటి బూడిద, భుజాన నల్లటి తోలు, తల మీద నెమలీకల టోపీ, వెనక మంట, చుట్టూ కటిక చీకటి. కెమెరాలోని మీటరు ఎదుట ఉన్నదంతా కలిపి సగటున ఒక మధ్యరకం బూడిద రంగు అనుకుని లెక్క వేస్తుంది. చీకటి ఎక్కువ ఉంటే వెలుగు పెంచేస్తుంది, బూడిద పూసిన ఛాతీ సున్నం గోడలా అయిపోతుంది. అదే ట్యూబులైటు కింద తెల్ల గోడ ముందు మన పిల్లలను నిలబెడితే వెలుగు తగ్గించేస్తుంది, ముఖాలు నల్లగా కళ్లు కనబడకుండా వస్తాయి. మన హాస్టల్ గ్రూప్ ఫోటోలన్నీ ఎట్లా ఉంటాయో గుర్తు చేసుకోండి.

ఇది ఇవాళ్టి బాధ కాదు. ఫిల్ము రోజుల్లో కొడాక్ కంపెనీ ల్యాబులకు ఒక నమూనా ఫోటో పంపేది. దాన్ని షర్లీ కార్డు అనేవాళ్లు. అందులో ఉండేది తెల్ల తోలు ఆడమనిషి. ఆమె రంగు సరిగ్గా వస్తే మెషిన్ సరిగ్గా ఉన్నట్టు లెక్క. నల్లటి ముఖాలు ఎట్లా వస్తున్నాయని చాలా కాలం ఎవరూ పట్టించుకోలేదు. దీని మీద లోర్నా రాత్ అనే పరిశోధకురాలు 2009లో వ్యాసం రాశారు. గోధుమ రంగులు సరిగ్గా రావడం లేదని చాక్లెట్ కంపెనీలు, కర్ర సామాను కంపెనీలు గోల చేశాక ఫిల్ము మెరుగుపడిందని ఆమె వివరించారు. మనుషుల ముఖాల కోసం కాదు, చాక్లెట్ కోసం. ఇప్పటి కెమెరాలకు ఆ ఫిల్ము కష్టం లేదు, కానీ మీటరు మాట గుడ్డిగా నమ్మితే ఫలితం అదే. మిర్రర్‌లెస్ తెరలో మన మనిషి ముఖం నల్లబడటం ముందే కనిపిస్తుంది, వేలితో చక్రం తిప్పి సరిచేయవచ్చు. ఫోటోగ్రఫీ కోర్సు చేయని తమ్ముడు, చెల్లె కూడా ఒక్క సాయంత్రంలో నేర్చుకునే పని ఇది. ఆ తెర జెడ్6లో 36.9 లక్షల చుక్కలది, ఏ7 మార్క్ 3లో 23.6 లక్షల చుక్కలది. కళ్లు పెట్టి చూస్తే తేడా మాకు వెంటనే తెలిసింది.

సరే, ఇప్పుడు అసలు భయం దగ్గరకు వద్దాం. "మొదటి తరం" అనే భయం.

అద్దం లేకుండా, లెన్సులు మార్చుకునే ఈ తరహా కెమెరాలు 2008లో పానసోనిక్ జీ1తో దారి పట్టాయి. సోనీ 2010లో నెక్స్ కెమెరాలతో, ఈ మౌంట్‌తో వచ్చింది. మౌంట్ అంటే కెమెరాకు లెన్సు తగిలించే మూతి. 2013లో అదే మూతికి ఫుల్ ఫ్రేమ్ సెన్సర్ పెట్టి ఏ7 తెచ్చింది. 2018 ఫిబ్రవరిలో ఏ7 మార్క్ 3 ప్రకటించింది. అంటే సోనీ ఒకే దారిలో ఎనిమిదేళ్లు నడిచి అక్కడికి చేరింది.

నికాన్ కథ వేరు. నిజానికి నికాన్ మొదటి మిర్రర్‌లెస్ జెడ్6 కాదు. 2011లోనే నికాన్ 1 పేరుతో చిన్న సెన్సర్ కెమెరాలు వచ్చాయి. ఫోకస్, వేగం విషయంలో ఆ రోజుకు అవి మంచివే. కానీ 2018లో ఆ వరుసనే ఆపేశారు. వాటికి కొన్న లెన్సులను జెడ్ కెమెరాలకు తగిలించుకునే అడాప్టర్ నికాన్ ఇవ్వలేదు. కొన్నవాళ్లు ఒంటరి అయిపోయారు. కానన్‌లోనూ ఇంతే. 2012లో ఈఓఎస్ ఎం తెచ్చారు. 2018లో ఈఓఎస్ ఆర్ పేరుతో వేరే మూతి తెచ్చారు. ఎం లెన్సులు ఆర్ కెమెరాకు పట్టవు. మెల్లగా ఎం వరుస కూడా ఆగిపోయింది.

అందుకే మొదటి తరం అంటే జనం భయపడేది. కానీ భయం ఎక్కడుందో చూడండి. అది కెమెరా బొమ్మ సరిగ్గా తీయదని కాదు, కంపెనీ ఆ దారి మధ్యలో వదిలేస్తుందని. కెమెరా కొనడమంటే పెట్టె ఒకటి కొనుక్కోవడం కాదు, ఒక మూతికి కట్టుబడటం. తర్వాత కొనే ప్రతి లెన్సూ ఆ మూతికే. కంపెనీ వదిలేస్తే పెట్టెతో పాటు లెన్సుల సంచి కూడా పోతుంది.

2018 ఆగస్టులో నికాన్ జెడ్7, జెడ్6 ప్రకటించినప్పుడు అది ఒక వాగ్దానం మాత్రమే. 1959 నుంచి నడుస్తున్న ఎఫ్ మూతిని పక్కన పెట్టి 55 మిల్లీమీటర్ల వెడల్పుతో కొత్త మూతి తెచ్చారు. సోనీ మూతి సుమారు 46 మిల్లీమీటర్లు. మూతి పెద్దదైతే లెన్సు చేసేవాళ్లకు చేయి ఆడుతుందని చెప్పారు. కానీ చేతికి ఇచ్చిన కొత్త లెన్సులు మూడే: 24-70, 35, 50. మిగతావి ఏ సంవత్సరం వస్తాయో ఒక పట్టీ చూపించారు. ధర చూస్తే అమెరికాలో జెడ్6, ఏ7 మార్క్ 3 రెండూ దాదాపు 2,000 డాలర్లే. అదే ధరకు ఒక దగ్గర నడిచి చూపించిన దారి, ఇంకో దగ్గర పట్టీ మీది మాట. ఆ రోజు మేము కొనేవాళ్లమైతే ఏడుగురం సోనీకే చేయెత్తేవాళ్లం.

కానీ మనం కొంటున్నది ఆ రోజు కాదు. ఇదే మేము గట్టిగా చెప్పాలనుకున్నది. మొదటి తరం కెమెరాను వచ్చిన రోజు తూచడం వేరు, సంవత్సరాలు గడిచాక తూచడం వేరు. వాగ్దానం నిలిచిందో లేదో ఇప్పుడు లెక్క తెలుసు. నికాన్ జెడ్ దారి వదల్లేదు. 2020లో జెడ్6 రెండో తరం, 2024లో మూడో తరం వచ్చాయి. లెన్సుల వరుస నిండింది. 2022 నుంచి టామ్రాన్, ఆ తర్వాత సిగ్మా కూడా ఈ మూతికి లెన్సులు చేయడం మొదలుపెట్టాయి. వచ్చిన రోజు జెడ్6లో కంటిని వెతికి ఫోకస్ చేసే సౌకర్యం లేదు. 2019 మే నెలలో ఫర్మ్‌వేర్ అప్‌డేట్‌తో ఉచితంగా ఇచ్చారు. అంటే మొదటి కొనుగోలుదారులు పడ్డ అనుమానం మనం పడాల్సిన పని లేదు. దాని ధర వాళ్లు కట్టేశారు. మనకు మిగిలింది ఆ యంత్రంలో ఇప్పటికీ ఉన్న లోపాలు మాత్రమే. వాటిని దాచకుండా చూద్దాం.

దీపావళి దండారి రోజుల్లో రెండింటినీ ఒక్క రాత్రి చేతిలో పట్టుకునే అవకాశం దొరికింది. జెడ్6 అమ్మే అన్న కొంత అడ్వాన్స్ తీసుకుని ఇచ్చాడు. ఏ7 మార్క్ 3 పెళ్లిళ్లకు ఫోటోలు తీసే ఇంకో అన్న దగ్గర కిరాయికి తెచ్చాం. లెన్సులు వేరువేరు కాబట్టి బొమ్మ నాణ్యత పోల్చలేదు. చేతికి ఎట్లా ఉంది, ఫోకస్ ఎట్లా పడుతుంది అనేదే చూశాం.

ఆటలో సోనీ గెలిచింది. ఇందులో వాదన లేదు. గుస్సాడీ గిర్రున తిరిగి మళ్లీ మన వైపు వచ్చేసరికి సోనీ ముఖాన్ని తొందరగా పట్టేస్తుంది. జెడ్6 చాలాసార్లు నెమలీకల దగ్గరే ఆగిపోయింది, ముఖం కొంచెం మసక. మసి పూసిన కళ్లు, పెట్టుడు గడ్డం ఉన్న ముఖాల దగ్గర రెండూ తడబడ్డాయి. కూర్చుని గుమేల వాయించే దాదా దగ్గర, కథ చెప్పే తాత దగ్గర రెండింటికీ తేడా కనిపించలేదు.

చేతిలో పట్టు విషయంలో నికాన్ గెలిచింది. పిడి లోతుగా ఉంది, చిన్న చేతులున్న చెల్లెళ్లు కూడా హాయిగా పట్టుకున్నారు. మెనూ కూడా అంతే. సోనీ మెనూలో ఒక సెట్టింగ్ ఎక్కడుందో వెతకడానికి మాకు చెమటలు పట్టాయి. కెమెరా ఒక్కరిదే అయితే ఇది పెద్ద సంగతి కాదు, వారంలో అలవాటు అవుతుంది. మనది చేతులు మారే కెమెరా. ఈ నెల ఉట్నూరు దిక్కు, వచ్చే నెల తిర్యాణి దిక్కు. కొత్త మనిషి చేతికి పోయిన ప్రతిసారీ మళ్లీ మొదటి నుంచి నేర్పాలి.

బ్యాటరీలో సోనీ గెలిచింది. పరీక్ష లెక్కల ప్రకారం వ్యూఫైండర్‌తో ఏ7 మార్క్ 3 ఒక బ్యాటరీ మీద 610 ఫోటోలు, జెడ్6 310. మామూలు వాడకంలో రెండూ ఎక్కువే తీస్తాయి, కానీ ఆ నిష్పత్తి ఉంటుంది. కరెంటు పోయే గూడెంలో ఇది చిన్న విషయం కాదు. పైగా సోనీ పవర్ బ్యాంకు తగిలించి ఉండగానే పని చేస్తుంది. జెడ్6 ఆపి ఉంచితేనే చార్జ్ ఎక్కుతుంది.

వీడియోలో రెండూ సమానంగా ఉన్నాయి. రెండింటికీ లోపల కదలికను ఆపే ఏర్పాటు ఉంది. రెండూ ఒక్క దఫాలో అరగంటకు మించి రికార్డ్ చేయవు. తెల్లారేదాకా సాగే కథకు ఇది అడ్డమే. అరగంటకోసారి ఎవరో ఒకరు మళ్లీ నొక్కాలి, ఆ సందులో కథ తెగకుండా ఆడియో రికార్డర్ వేరుగా నడవాలి.

ఇక పైసల లెక్క. ఏ7 మార్క్ 3 ఒట్టి బాడీ 88,000 చెప్పారు. కొంటే చేతిలో 8,500 మిగులుతుంది, దానితో చెప్పుకోదగ్గ లెన్సు రాదు. జెడ్6, దానికి ఎఫ్‌టీజెడ్ అడాప్టర్ కలిపి 68,000. 28,500 మిగులుతుంది. ఆ అడాప్టర్‌తో పాత నికాన్ లెన్సులు పడతాయి. ఇదే ఇక్కడ కీలకం, ఎందుకంటే ఉద్యోగానికి పోయిన మన దాదా తన పాత డీఎస్‌ఎల్‌ఆర్‌తో పాటు రెండు లెన్సులు మనకు వదిలి పోయాడు. అందులో 50 ఎంఎం ఎఫ్/1.8 ఏఎఫ్-ఎస్ రకం. లోపలే మోటారు ఉంటుంది కాబట్టి జెడ్6 మీద ఆటోఫోకస్ పని చేస్తుంది. రాత్రికి అది బంగారం. రెండోది 18-140, చిన్న సెన్సర్ కోసం చేసినది. పని చేస్తుంది కానీ సెన్సర్ మధ్య భాగమే వాడుతుంది, 24 మెగాపిక్సెల్ బొమ్మ సుమారు 10కి దిగుతుంది. ఫోన్లో చూసుకోవడానికి చాలు, పెద్ద ప్రింటుకు చాలదు. మండలంలో స్టూడియో అన్న ఒకరు తన పాత డీ రకం లెన్సులు ఎరువిస్తానన్నాడు. వాటిలో మోటారు ఉండదు, అడాప్టర్‌లోనూ లేదు, చేత్తోనే ఫోకస్ తిప్పుకోవాలి. పాత నికాన్ లెన్సులన్నీ పడతాయి అని ఎవరైనా చెబితే ఈ తేడా అడగండి.

సోనీ వైపు నిలబడ్డ ముగ్గురి అసలు వాదన ఇప్పుడు చెప్తాం. దాన్ని తీసిపారేయలేం. జెడ్6లో కార్డు పెట్టే చోటు ఒక్కటే. సోనీలో రెండు. 2018లో నికాన్‌ను అందరూ ఎక్కువగా తిట్టింది కూడా దీనికే, ముఖ్యంగా పెళ్లిళ్లు తీసేవాళ్లు. రెండు కార్డులుంటే ఒకే ఫోటో రెండింటిలో పడుతుంది, ఒకటి పాడైనా రెండోది ఉంటుంది. పైగా జెడ్6కు మామూలు ఎస్‌డీ కార్డు పట్టదు, ఎక్స్‌క్యూడీ కావాలి. తర్వాతి అప్‌డేట్‌తో సీఎఫ్ ఎక్స్‌ప్రెస్ కూడా పడుతుంది. రెండూ ఖరీదే, మన దిక్కు షాపుల్లో అడిగితే పేరు కూడా తెలియదు. కార్డు రీడర్ కూడా వేరే కొనాలి.

టీమ్‌లోని చెల్లె అన్న మాట మీకూ చెప్తాం: "పెళ్లి ఫోటో పోతే మళ్లీ దండలు మార్పించి తీయొచ్చు దాదా. తాత చెప్పిన కథ పోతే? వచ్చే ఏడు తాత ఉంటడో లేదో." ఆ మాటకు ఎవరం జవాబు చెప్పలేకపోయాం. 4కే వీడియో తీస్తే జెడ్6లో 64 జీబీ కార్డు సుమారు గంటలో నిండుతుంది. ఒక్క కార్డులో ఒక్క రాత్రి మొత్తం పెట్టి పడుకోవడం ఎట్లా?

చర్చించి చర్చించి కుదిరింది ఇది. కథలు 4కేలో కాదు, ఫుల్ హెచ్‌డీలో తీద్దాం. మనకు కావలసింది తాత గొంతు, ముఖం, కిక్రి మీద వేళ్లు. కార్డులు రెండు కొందాం. ఒకటి సగం నిండగానే మార్చి, అక్కడే ల్యాప్‌టాప్‌లోకి, ఒక హార్డ్ డిస్కులోకి ఎక్కిద్దాం. రెండో డిస్కు వేరే ఊళ్లో, వేరే ఇంట్లో ఉండాలి. రెండు స్లాట్లు ఉన్న కెమెరా కార్డు పాడైతేనే కాపాడుతుంది. కెమెరా వాగులో పడితే, బస్సులో పోతే రెండు కార్డులూ దానితోనే పోతాయి. వేరే ఊళ్లో ఉన్న డిస్కు అప్పుడు కూడా కాపాడుతుంది. జెడ్6 కొంటే మిగిలే 28,500 కార్డులు, రీడరు, రెండు డిస్కులు, అదనపు బ్యాటరీ, ఆడియో రికార్డర్‌కే పోతుంది. సోనీ కొంటే ఇవేవీ కొనలేం.

ఇంకో సంగతి ఆ రాత్రి తెలిసింది. రెండింటిలోనూ చప్పుడు లేకుండా ఫోటో తీసే సౌకర్యం ఉంది. పూజ దగ్గర ఠక్ ఠక్‌మని అడ్డం రాకుండా ఉంటుందని మాకు మస్తు నచ్చింది. కానీ కటోడా తాత ముందు కూర్చుని నాలుగైదు తీశాక ఆయన అడిగాడు: "తీసినవా బిడ్డా? సప్పుడే రాలే." తీశానని చెప్తే కాసేపు ఊరుకుని అన్నాడు: "గట్ల అయితే నువ్వు ఎప్పుడు తీస్తున్నవో నాకెట్ల ఎరుక?"

అద్దం చప్పుడు ఒక రకంగా మనిషికి చెప్పి తీయడం. ఆ చప్పుడు పోయింది కాబట్టి ఆ పని మన నోరు చేయాలి. భేటింగ్‌లో ముఖం మీద ముసుగు కప్పుకుని కూర్చున్న కొత్త కోడళ్లను, పేన్ దగ్గర చూపించకూడని వస్తువులను చప్పుడు కాకుండా తీయగలగడం గొప్ప కాదు, ప్రమాదం. సాంకేతికంగా కూడా అది పూర్తిగా మంచిది కాదు. సెన్సర్ వరుస తర్వాత వరుస చదువుతుంది కాబట్టి వేగంగా ఊగే ఈకలు వంగినట్టు వస్తాయి, కొన్ని ఎల్ఈడీ లైట్ల కింద బొమ్మ మీద చారలు పడతాయి. అందుకే మెకానికల్ షట్టర్‌తో, చప్పుడుతోనే తీయాలని తీర్మానించుకున్నాం. పెద్దలే చప్పుడు వద్దంటే అప్పుడు ఆపుదాం.

ఇంత జాగ్రత్త ఎందుకో పెద్దలకు తెలుసు, చిన్నవాళ్ల కోసం చెప్తాం. 1940లలో హైమన్‌డార్ఫ్ మన జిల్లాకు వచ్చారు, మార్లవాయిలో ఉన్నారు. మన వాళ్ల కోసం ఆయన చేసిన మేలు మార్లవాయి ఇప్పటికీ తలుచుకుంటుంది. ఆయన తీసిన ఫోటోలు, ఫిల్ములు లండన్‌లో సోయాస్ అనే విశ్వవిద్యాలయంలో భద్రంగా ఉన్నాయి. ఆయన తీయకపోతే మన ముత్తాతల ముఖాలు మనకు దొరికేవే కావు. ఆ కృతజ్ఞత ఉండాలి. అయినా ఒక మాట నిజం. ఆ ఫోటోలో ఉన్న మనిషి మనవడు తన తాతను చూడాలంటే ఇంగ్లిషు, ఇంటర్నెట్ రెండూ కావాలి. గుస్సాడీ గురువు కనక రాజు తాతకు 2021లో పద్మశ్రీ వచ్చినప్పుడు ఎంతమంది కెమెరాలతో మార్లవాయికి వచ్చారో చూశాం. ఆ ఫోటోల్లో గూడెం దగ్గర మిగిలినవి ఎన్ని? మనం కొనే కెమెరా తీసిన ప్రతి ఫోటో ముందు ఆ ఇంటికి చేరాలి. ఏ కంపెనీదైనా ఈ పని చేయకపోతే అది కూడా బయటివాళ్ల కెమెరాయే.

కాబట్టి మా మాట ఇది. జెడ్6 తీసుకుందాం. అది సోనీ కంటే మంచి కెమెరా అని కాదు. ఆడేవాళ్లను పట్టుకోవడంలో, బ్యాటరీలో, కార్డుల్లో ఏ7 మార్క్ 3 ముందుంది. పెళ్లిళ్లు తీసి బతికే తమ్ముడు ఎవరైనా అడిగితే సోనీయే కొనుక్కోమని చెప్తాం. మన దగ్గర ఉన్న లెన్సు, మిగిలే పైసలు, చేతులు మారే అవసరం కలిపి తూస్తే మన పనికి ఇది సరిపోతుంది. మొదటి తరం అనే భయం ఒకప్పుడు న్యాయమైనదే, ఇప్పుడు దానికి కాలం చెల్లింది. ముగ్గురూ ఒప్పుకున్నారు, ఒక్క షరతు మీద: ఆ రాత్రే రెండు కాపీలు చేయకపోతే మరుసటి నెల కెమెరా ఆ మనిషి చేతికి ఇవ్వకూడదు. ఈ షరతు రిజిస్టర్ మొదటి పేజీలో రాశాం.

తేలనిది ఒకటి మిగిలింది, అది మీరు చెప్పాలి. రిపేరు వస్తే పైసలు ఎక్కడివి? పెళ్లిళ్లకు కిరాయికి ఇచ్చి కొంత కూడబెడదామని ఇద్దరం అంటున్నాం. ఒక్క కార్డు కెమెరాతో ఇంకొకరి పెళ్లి బాధ్యత నెత్తిన పెట్టుకోవద్దని, పైగా పండుగ రోజున కెమెరా ఇంకెక్కడో ఉంటుందని ఐదుగురు అంటున్నారు. ఈ ఆదివారం రాత్రిలోగా మీ అభిప్రాయం రాయండి. పైసలు ఇచ్చినవాళ్లే కాదు, గ్రూపులో ఉన్న ప్రతి ఒక్కరూ రాయండి. సోమవారం అడ్వాన్స్ మీద మిగతా పైసలు కట్టేస్తాం.

జై ఆదివాసీ!